కాపలావాడు చూశాడు

ప్రమీలారాణి గేటు దగ్గర ఆగిపోయింది.

"వెళ్ళమ్మా" అంది ఉదయశ్రీ.

"ఎవరూ కనపడట్లేదే?"

"కనపడకపోతే ఏంటి? ఆ కింది బటన్ నొక్కు, గేటు తెరుచుకుంటుంది."

"బాగానే ఉంది సంబడం! కాపు మీదున్న తోటలోకి కేకెయ్యకుండా పోతారుటే ఎవరైనా? దొంగనుకోరూ?"

ఉదయశ్రీ నవ్వబోయి ఆగింది. ప్రమీలారాణి సోఫా అంచున కూర్చుని, కంట్రోలర్‌ను పొయ్యి మీంచి దించిన గిన్నెలా రెండు చేతులా పట్టుకుని, టీవీలోని ముళ్ళకంచె వంక కళ్ళార్పకుండా చూస్తోంది.

"సరే, నీ ఇష్టం. నేనేం చెప్పను. చెప్పకూడదు కూడా" అని ఉదయశ్రీ నోటుపుస్తకం తెరుచుకుంది.

హైదరాబాదులో ముగ్గురు స్నేహితులతో కలిసి ఆమె నాలుగేళ్ళుగా కడుతున్న ఆట అది. ఇంతవరకూ ఆడి చూసినవాళ్ళంతా ఆటల్లో తలపండినవాళ్ళే. జన్మలో ఆడని మనిషి ఎలా ఆడుతుందో చూడాలని పది రోజులు నూజివీడు వచ్చింది. ఆ లెక్కన అమ్మని మించినవాళ్ళెవరు? వీడియో గేమంటే ఫోను పట్టుకుని 'చంపెయ్, చంపెయ్' అని అరవడమని ప్రమీలారాణి అభిప్రాయం. ఆ ముక్క కూతురి మొహం మీదే నాలుగేళ్ళుగా అంటోంది.

తీరా చూస్తే ఇందులో చంపడానికి ఎవరూ లేరు. ఒక మట్టిరోడ్డు, ఒక గేటు, గేటవతల మామిడితోట. అంతే. ప్రమీలారాణి ఆ గేటు ముందు పన్నెండు నిమిషాలు నిలబడింది. నిలబడ్డకొద్దీ చూపు లోపలికి పోయింది. గాలి వీస్తే చెట్టు మొత్తం ఒక్కసారిగా ఊగలేదు. చిగురు ముందు కదిలింది, ముదురాకు ఆ తర్వాత. ఎక్కడో కోయిల కూసి, ఎవరో తరిమినట్టు టక్కున ఆపేసింది. ఎండ మెల్లిగా జరుగుతూ మొదలు మీంచి కిందికి దిగింది.

"అది బంగినపల్లి. దాని వెనకది కలెక్టరు" అంది ప్రమీలారాణి.

"ఎలా చెప్పావమ్మా? కాయ కనపడట్లేదుగా?"

"కొమ్మ తీరు చూస్తే తెలీదూ? నువ్వే పెట్టి నన్నడుగుతావేంటే?"

అప్పుడు చెట్ల మధ్యనుంచి ఒక మనిషి వచ్చాడు. బక్కపలచగా, తలకి తువ్వాలు, చేతిలో కర్ర, వెనకాలే కుక్క. గేటుకి అవతల ఆగి, మెడ కాస్త వాల్చి చూశాడు. ప్రమీలారాణికి తెలీకుండానే నోట్లోంచి మాట వచ్చేసింది. "దారిన పోతున్నానయ్యా. కాసేపు నీడకి కూర్చుని పోతాను." ఆ మాట అతనికి వినపడే ఏర్పాటు ఆటలో లేదు. అయినా అతను ఇంకాసేపు చూసి, గేటుకి తగిలించిన తీగ చుట్ట తీసి, గేటు తోశాడు.

"అమ్మా!" ఉదయశ్రీ లేచి నిలబడింది. "అతనే తీశాడు!"

"తియ్యక?"

"ఇంతవరకూ ఎవరికీ తియ్యలేదే! అందరూ తోసుకుని లోపలికి పోయినవాళ్ళే. అతను తియ్యగలడన్న సంగతి మేమే మర్చిపోయాం."

"అదేంటే, మీరు రాసిందేగా అదంతా?"

"కాదు. నువ్వు చేసే ప్రతి పనీ అతను చూస్తాడు. చూసినదాన్నిబట్టి నీ మీద నమ్మకం పెరుగుతుంది, తరుగుతుంది. మేం రాసింది అంతే. మిగతాది నువ్వూ అతనూ కలిసి చేసుకుంటున్నారు." ఉదయశ్రీ టీవీ వైపు చెయ్యి చూపించింది. "సినిమా అయితే ఎవరో తీసింది చూస్తావమ్మా. ఇందులో చేసేది నువ్వే."

ప్రమీలారాణికి అదంతా పూర్తిగా బోధపడలేదు గాని, తెరిచిన గేటులోంచి లోపలికి అడుగుపెట్టింది. లోపల ఏ చెట్టు కిందికి పోయినా కాయలు చేతికందేంత కిందికి ఉన్నాయి. ఆమె ఒక్కటి ముట్టలేదు. రాలిన కాయలు మాత్రం వంగి ఏరుకుంది. రాలిన కాయ దారిన పోయేవాడిదే, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మూడో కాయ ఏరేసరికి కుక్క వచ్చి ఆమె పక్కనే నడవడం మొదలుపెట్టింది.

"పోర్చుగల్ నించి ఒకాయన రాశాడమ్మా" అంది ఉదయశ్రీ. "తొడిమ లేకుండా కోశాడుట, ఆటలో సొన పడి చెయ్యి కాలిందిట. ఇప్పుడు తొడిమతో కోసి, తలకిందులుగా పెట్టి, సొన కారాకే బుట్టలో వేస్తున్నాడుట. ఆ మనిషి జన్మలో మామిడిచెట్టు చూళ్ళేదు."

"అమ్మ బాబోయ్! మన సొన సంగతి అంత దూరం పోయిందీ?" ప్రమీలారాణి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. ఎవరో తన వంటింటి సంగతి దేశాలు దాటి అడిగినంత సంబరమేసింది ఆమెకి.

వీధి తలుపు దబ్బున తెరుచుకుంది. ప్రమీలారాణి భర్త లక్ష్మీనరసింహారావు తమ తోటనుంచి వస్తూనే, చెప్పులు విప్పకుండా లోపలికి వచ్చాడు.

"బావి దగ్గర చిన్నరసం చెట్టుని ఎవడో దులిపేశాడు. నూరు కాయలకి తక్కువుండవు. కాపు కొన్న కృష్ణమూర్తిగారు అక్కడే నిలబడి చిందులు తొక్కుతున్నారు. సువర్ణరాజు పనే అయ్యుంటుంది. కాపలావాడికి తెలీకుండా కాయ ఎక్కడికి పోతుంది?"

ప్రమీలారాణి కంట్రోలర్ పక్కన పెట్టింది. ఆ నూరు కాయలూ ఎక్కడున్నాయో ఆమెకి తెలుసు. సగం బాపులపాడులో ఆమె చెల్లెలు వరలక్ష్మి ఇంట్లో ఉన్నాయి. మిగతా సగం ఈ ఇంట్లోనే, నడవా పక్క చీకటిగదిలో, మంచం కింద గడ్డిలో మాగుతున్నాయి.

*

కాపు అమ్మేశాక తోట కాయ కొనుక్కున్నవాడిది. చెట్లు మాత్రమే ఇంటివాళ్ళవి. ఇంటి తినుబడికని రెండు చెట్లు విడిచిపెట్టడం ఆ చుట్టుపక్కల రివాజు. ఈ ఏడు ఆ రెండూ కాపు ఎగ్గొట్టాయి. బావి దగ్గర చిన్నరసం మాత్రం విరగకాసింది. ఉదయశ్రీ పుట్టిన ఏడు ప్రమీలారాణి తన చేత్తో నాటిన అంటు అది. నాటింది నేను, నీళ్ళు పోసింది నేను, నా కూతురికి నాలుగు కాయలు పెట్టుకోడానికి ఆ కృష్ణమూర్తిని అడగాలా అనుకుంది. ఆదివారం మిట్టమధ్యాహ్నం తనే వల కట్టిన చిక్కం కర్ర పట్టుకుని కోసింది.

సువర్ణరాజు చూశాడు. గుడిసెలోంచి అన్నం చేత్తోనే బయటికి వచ్చి, చెట్టు కింద ఆమెని చూసి, వెంటనే మొహం తిప్పేసుకున్నాడు. తోట ఆ చివరికి పోయి, లేని కోతుల్ని అదిలిస్తూ డబ్బా మోగించాడు. ఆమె బుట్టలు కట్టుకుని వెళ్ళేదాకా మోగిస్తూనే ఉన్నాడు.

బుధవారం పొద్దున చెట్టు కింద కృష్ణమూర్తి ఒక కొమ్మని కిందికి వంచి అందరికీ చూపించాడు. తెల్లచొక్కా, నుదుట బొట్టు, నూజివీడులో మూడు తరాల మామిడి వ్యాపారం. కోతకి వచ్చిన మనుషులు చిక్కాలు నేలకి ఆనించి నిలబడ్డారు.

"చూడండి రావుగారూ, తొడిమ ఎంత శుభ్రంగా తెగిందో. కోతులకి చిక్కం పట్టడం వచ్చా?" అన్నాడు. తర్వాత సువర్ణరాజు వైపు తిరిగాడు. "ఎవరు కోశారయ్యా?"

"తెలీదండి."

"నువ్వెక్కడున్నావు?"

"తోటలోనే ఉన్నానండి."

"తోటలోనే ఉన్నావు, తెలీదు! విన్నారా?"

సువర్ణరాజు చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు. పదకొండేళ్ళుగా ఈ తోటలో ఉంటున్నాడు. ప్రమీలారాణి అన్నం క్యారేజీ పట్టుకొచ్చిన వంకతో బావి గట్టు దగ్గర నిలబడి ఉంది. ఇప్పుడు నా వైపు చూస్తాడు, ఇప్పుడు చూస్తాడు అనుకుంది. అతను చూడలేదు. పొరపాటున కూడా చూడలేదు.

"శుక్రవారం చిన్నరసాలు కోసేస్తాం. ఆ సాయంత్రం కర్ర, లైటు ఇచ్చేసి వెళ్ళిపో" అన్నాడు లక్ష్మీనరసింహారావు. "ఇక్కణ్ణించి మైలవరం దాకా ఏ తోటవాళ్ళు అడిగినా ఉన్నమాటే చెప్తాను."

అంటే ఇంక ఏ తోటా దొరకదు. దొంగ కాపలావాడన్న పేరు పడ్డవాడిని గేటు ముందు కూడా నిలబడనివ్వరు. కోతమనుషుల్లో ఒక ఆడమనిషి 'అయ్యో' అని నోరు మూసుకుంది. ప్రమీలారాణి నోరు తెరిచింది. తెరిచి, "భోజనం చల్లారిపోతోంది" అంది.

ఛీ, అదేం మాట! ఇంటికి నడుస్తూ దారిపొడుగునా తనని తనే తిట్టుకుంది. ఇల్లు చేరేసరికి గుమ్మంలోకే మాగిన పండు వాసన వచ్చింది.

"ఏంటి, ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది?" అన్నాడు లక్ష్మీనరసింహారావు ఆ రాత్రి భోజనం దగ్గర.

"వరలక్ష్మి పంపింది" అంది ప్రమీలారాణి. వరలక్ష్మికి పంపింది తనే.

*

గురువారం మధ్యాహ్నం ఉదయశ్రీ ఈదురుగాలి చప్పుడు రికార్డు చేసుకోవాలని మైకు పట్టుకుని డాబా మీదికి పోయింది. ప్రమీలారాణి నడుం వాల్చింది. నిద్ర పట్టలేదు. వాసన ఆ గదిలోంచి ఈ గదిలోకి నడిచి వస్తోంది. లేచి వెళ్ళి టీవీ పెట్టుకుంది. ఆ తోటలో అయితే తను మంచిది. అక్కడికి పోయి కాసేపు కూర్చుంటే బాగుండుననిపించింది.

ఈసారి గేటు దగ్గర ఆగనక్కర్లేకపోయింది. కాపలావాడు ఆమెని దూరంనుంచే గుర్తుపట్టి తీగ చుట్ట తీశాడు. కుక్క తోకాడించుకుంటూ ఎదురొచ్చింది. ప్రమీలారాణి కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనయ్యింది. నాలుగేళ్ళు కూతుర్ని ఎన్ని మాటలందో గుర్తొచ్చింది. మనిషి మనిషిని నమ్మడమనే పనిని ఈ పిల్లలు కూర్చుని కూర్చుని ఒక టీవీలో కట్టారు!

లోపల, మోట బావి పక్కన, ఒక చెట్టు ఉంది. మొన్న చూడలేదు దాన్ని. గుండ్రటి గుబురు, చిన్న చిన్న కాయలు, గుత్తులు గుత్తులు. ఆమె నాటిన చెట్టే అది. ఆ చెట్టుకి కట్టిన ఉయ్యాల ఊగిన పిల్ల ఆ చెట్టుని అచ్చం అలాగే ఇందులో నాటుకుంది.

కాపలావాడు అటు తిరిగి కంచె కట్టుకుంటున్నాడు. చెట్టుకి ఒక చిక్కం ఆనించి ఉంది.

ఒక్కటే కదా అనుకుంది ప్రమీలారాణి. బటన్ నొక్కింది. చిక్కం పైకి లేచింది, కాయ దిగింది. కాపలావాడు వెనక్కి తిరగలేదు. ఇంకొకటి కోసింది. అతను పనిచేసుకుంటూనే ఉన్నాడు. చూళ్ళేదు అనుకుని, ఆరో కాయో ఏడో కాయో అయ్యాక ఆపింది. కాయలన్నీ తొడిమతోనే, ఒద్దికగా కోసింది మరి.

కాసేపటికి గేటు దగ్గర స్కూటర్ ఆగింది. పంచె కట్టుకున్న పెద్దమనిషి దిగాడు. నేరుగా ఆ చెట్టు కిందికే వచ్చి, బోసిగా ఉన్న కొమ్మ వంక చూసి, కాపలావాడిని పిలిచాడు. ఆ ఆటలో మనుషులకి మాటల్లేవు. పెద్దమనిషి చెయ్యి గేటు వైపు చూపించింది. కాపలావాడు తల వంచుకుని నిలబడ్డాడు. ప్రమీలారాణి మూడు బారల దూరంలో, దోసిట్లో కాయలతో ఉంది. ఇప్పుడు చూపిస్తాడు నన్ను, ఇప్పుడు వేలెత్తుతాడు అనుకుంది.

అతను ఏమీ చూడనివాడిలా ఊరుకున్నాడు. కర్ర తీసుకెళ్ళి గేటు స్తంభానికి ఆనించాడు. ఆమె పక్కనుంచి పోతూ ఒక్క క్షణం ఆగి, మొదటిరోజు వాల్చినట్టే మెడ కాస్త వాల్చి చూసి, బయటికి నడిచాడు.

"ఓయ్! ఆగవయ్యా!" ప్రమీలారాణి గట్టిగానే అరిచింది. అతని వెనకే పోయింది. మట్టిరోడ్డు వంపు తిరిగి, రెండు తాడిచెట్లు దాటి, ఒకచోట అయిపోయింది. అవతల రోడ్డు లేదు, నేల లేదు, బూడిదరంగు తప్ప ఏమీ లేదు. కాపలావాడు ఆ అంచు మీద, అటే చూస్తూ నిలబడ్డాడు. ఆమె వచ్చి పక్కన నిలబడింది. అతను కదల్లేదు.

ఉదయశ్రీ డాబా మెట్లు దిగి వచ్చేసరికి ప్రమీలారాణి ఒక్కో బటనూ నొక్కి చూస్తోంది.

"ఏంటమ్మా వెతుకుతున్నావు?"

"చెప్పే బటన్ ఏదే?"

"ఏం చెప్పాలి?"

"కోసింది నేనని. ఆ స్కూటరాయనతో చెప్పాలి. ఇతనికేం పాపం తెలీదని చెప్పాలి."

ఉదయశ్రీ టీవీ వంక చూసి అలాగే కింద కూర్చుండిపోయింది. ఏం జరిగిందో మొదట్నించీ చెప్పించుకుంది. రెండుసార్లు చెప్పించుకుంది.

"ఇది మేం రాయలేదమ్మా" అంది చివరికి, గుడిలో మాట్లాడినట్టు. "కాయ తగ్గితే తోటాయన కాపలావాడిని పంపేస్తాడు, అది మా స్నేహితుల్లో శశాంక్ రాశాడు. బాగా నమ్మినవాళ్ళని కాపలావాడు పట్టివ్వడు, అది నేను రాశాను. ఆ రెండూ ఒకచోట కలుస్తాయని మా ఎవ్వరికీ తట్టలేదు. నువ్వు కలిపావు."

"అయితే అతను చూశాడా? నేను కోస్తుంటే?"

"చూశాడు. ఎప్పుడూ చూస్తాడు."

"మరి అక్కడ ఆగిపోయాడేంటి?"

"వెళ్ళమన్నాం గాని, వెళ్ళడానికి చోటు పెట్టలేదమ్మా" అంది ఉదయశ్రీ. "చెప్పే బటన్ కూడా లేదు. ఎవరైనా చెప్తారని అనుకోలేదు మేము." నోటుపుస్తకం తీసి గబగబా రాసుకోవడం మొదలుపెట్టింది. ఆమె మొహం వెలిగిపోతోంది.

ప్రమీలారాణి మాత్రం టీవీ వంకే చూస్తోంది. కథ అయితే ఎవరో రాశారులే అని పుస్తకం మూసేసేది. ఇది ఎవరూ రాయలేదు. కోసింది తన వేళ్ళే, ఇంకా కంట్రోలర్ మీదే ఉన్నాయి. ఆ బొమ్మ మనిషి అంచున నిలబడే ఉన్నాడు. ఆమె టీవీ ఆపలేదు, ఆపబుద్ధి కాలేదు. చీకటిగదిలోకి పోయి, మంచం కింద గడ్డి తొలగించి, పండిన కాయల్ని ఒక్కొక్కటే బుట్టలో పేర్చడం మొదలుపెట్టింది.

*

శుక్రవారం పొద్దున కోత జోరుగా సాగుతోంది. చెట్టు కింద తలకిందులుగా పేర్చిన కాయల్లోంచి సొన కారుతోంది. ప్రమీలారాణి బుట్ట నెత్తిన పెట్టుకుని రావడం చూసి లక్ష్మీనరసింహారావు ఎదురెళ్ళాడు.

"ఏంటిది ప్రమీలా, పాలేరుని పంపకపోయావా?"

ఆమె అతన్ని దాటుకుని వెళ్ళింది. బుట్ట తెచ్చి కృష్ణమూర్తి కాళ్ళ ముందు దించింది. పండ్ల మీద కప్పిన గడ్డి తీసింది. వాసన గుప్పుమంది.

"ఇవి మీవి కృష్ణమూర్తిగారూ. సగం మా చెల్లెలికి పంపాను, అవి తిరిగి రావు. ఆదివారం మధ్యాహ్నం కోశాను. సువర్ణరాజు కాదు, నేను."

చిక్కాలు ఆగిపోయాయి. కృష్ణమూర్తి బుట్ట వంక, ఆమె వంక చూసి, పెద్దగా నవ్వేశాడు.

"అయ్యో, ఇంతేనా అమ్మగారూ! మీ చెట్టు, మీ కాయలు. మీరు నాలుగు కోసుకుంటే ఎవరు కాదంటారు? ఒక్క మాట చెప్తే నేనే ఇంటికి పంపేవాణ్ణిగా."

ఆ నవ్వు చూసి ప్రమీలారాణికి ఒళ్ళు మండిపోయింది. తిడతారనే భయపడింది గాని, ఇది మాత్రం అనుకోలేదు.

"అదేంటండీ? నేను కోస్తే నాలుగు కాయలు, అతను కోశాడనుకుంటే నూరు కాయలా? నాకైతే నవ్వు, అతనికైతే మైలవరం దాకా చాటింపా?"

"ఇంట్లో చెప్పొచ్చుగా నాతో" అన్నాడు లక్ష్మీనరసింహారావు గొంతు తగ్గించి. "పదిమందిలో ఏంటిది?"

"పదిమందిలోనే కదండీ అతన్ని అన్నారు!"

లక్ష్మీనరసింహారావు తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చెమట లేని చోట కూడా తుడుచుకున్నాడు. కృష్ణమూర్తి నవ్వు మానేశాడు. "నిజమే, మాట తూలాను" అని సువర్ణరాజు కోసం అటూ ఇటూ చూశాడు. "ఏమయ్యా, ఇదిగో, మనసులో పెట్టుకోకు. ఉండిపో."

సువర్ణరాజు గేటు దగ్గర ఉన్నాడు. కర్ర అప్పటికే స్తంభానికి ఆనించి ఉంది. ప్రమీలారాణి అటు చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. స్తంభం, కర్ర, వాలిన మెడ, అన్నీ నిన్న చూసినవే.

"నేను కూడా అబద్ధమాడానండి" అన్నాడు అతను మెల్లిగా. "తెలీదన్నాను. కాపలావాడు చూసి చెప్పకపోతే తప్పేనండి. అమ్మగారు కదాని ఊరుకున్నాను."

"తప్పు నీది కాదయ్యా. నీ నోరు నేనే కట్టేశాను" అంది ప్రమీలారాణి. ఇంకేదో అనాలనుకుంది. ఏడుపొచ్చింది.

"ఉంటావా మరి?" అన్నాడు లక్ష్మీనరసింహారావు.

"ఆలోచించుకుంటానండి" అన్నాడు సువర్ణరాజు. పదకొండేళ్ళలో అతను అయ్యగారితో అలాంటి మాట అనడం అదే మొదటిసారి. కోతమనుషులు మళ్ళీ చిక్కాలెత్తారు.

శనివారం ఎండెక్కక ముందే ప్రమీలారాణి ఒక్కతే తోటకి బయల్దేరింది. ఉదయశ్రీ వస్తానంది, వద్దంది. గేటు దగ్గరికి వచ్చి మొదట స్తంభం వంక చూసింది. కర్ర లేదు.

తీసుకున్నాడో, పారేసి పోయాడో తెలియలేదు. గుడిసె వైపు పొగ లేదు. గేటుకి తీగ చుట్ట తగిలించి ఉంది. చెయ్యి చాస్తే ఊడొస్తుంది. పెళ్ళై వచ్చిన నాటినించీ ఎన్ని వేలసార్లు ఊడదీసుకుని లోపలికి పోయిందో. ఆమె చెయ్యి చాచలేదు. చెప్పులు వేసుకున్న కాళ్ళు దగ్గరపెట్టుకుని నిలబడింది. గాలికి చిగురు ముందు కదిలింది, ముదురాకు ఆ తర్వాత. ముప్ఫై ఏళ్ళుగా తన తోటే అయినా ఆ సంగతి కూతురి ఆటలో చూశాకే తెలిసింది ఆమెకి. కూతురు దాన్ని ఈ గేటు దగ్గరే ఎప్పుడో నిలబడి చూసి ఉంటుంది.

లోపల ఎక్కడో డబ్బా మోగింది. చిలకల గుంపు ఒకటి గోలగా లేచిపోయింది.

"ఓయ్! తోటలో ఎవరయ్యా!" అని కేకేసింది ప్రమీలారాణి.

చాలాసేపటికి సువర్ణరాజు చెట్ల మధ్యనుంచి వచ్చాడు. తలకి తువ్వాలు, చేతిలో కర్ర. గేటుకి అవతల ఆగాడు.

"అదేంటమ్మగారూ, తీసుకుని రాకుండా? మీ తోటే కదండీ."

"కాపు మీదుంది కదయ్యా. లోపలికి రావచ్చా?"

సువర్ణరాజు ఆమె వంక చూశాడు. తొందరేమీ పడలేదు. ఆమె కూడా చూపు తిప్పుకోలేదు. పదకొండేళ్ళలో అతని ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉందని ఇప్పుడే చూసింది. అతను కర్ర చంకన పెట్టుకుని, తీగ చుట్ట తీసి, గేటు తోశాడు.

"రండమ్మా. రాలినవి ఏరుకోండి" అన్నాడు. ఆగి, గొంతు సవరించుకుని, కాపలావాడు ఎవరితోనైనా చెప్పే మాటే చెప్పాడు. "చెట్టు మీదవి మాత్రం ముట్టుకోకండి."

"ముట్టుకోనయ్యా" అంది ప్రమీలారాణి, కొంగు సర్దుకుని లోపలికి అడుగుపెడుతూ.